మూత లేని సీసా

నీళ్ళ పరీక్షల గది. అక్క అక్కడ ఉద్యోగి. తమ్ముడు నారు పెంచి అమ్ముతాడు.

“నీళ్ళది తప్పు కాదన్నానా? మళ్ళీ మళ్ళీ అదే పాట!”

“మరి ఆకుల అంచులన్నీ ఎందుకు మాడిపోతున్నాయక్కా? ఎల్లుండికి నాలుగు వేల టమాటా మొక్కలు ఇస్తానని మాటిచ్చా. బాగున్నాయని నువ్వు రాసిస్తేనే కదా ఆ బోరు నీళ్ళు పెట్టింది!”

“ఎరువు ఎక్కువైందేమో. ఎంతేస్తున్నావ్?”

“బకెట్టుకి మూతెడు.”

“ఏ మూత?”

“ఏదో మూతలే! ముందు నీళ్ళు చూడవే తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది.”

“చూస్తున్నా. కాలు కాలిన పిల్లిలా తిరక్కు, బల్ల కదులుతోంది... ఇదిగో, తొమ్మిది వందలు. ఉప్పెక్కువైతే నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది, అంకె పెరుగుతుంది. పదిహేను వందలు దాటితేనే లేత నారు తట్టుకోలేదు.”

“మీటరే అబద్ధం చెప్తుంటే?”

“రోజూ పొద్దున్నే సరిచేస్తాగా. ఈ సీసాలో కొలిచి కలిపిన ఉప్పునీళ్ళు. లేబులు మీద చూడు, పద్నాలుగు వందల పదమూడు. మీటరు కడ్డీ ఇందులో ముంచి, మీటర్ని ఆ అంకెకి తిప్పుతా.”

“దీనికి మూతేది?”

“పోయింది. మూడు నెలలైంది. నీలం మూత, ఎక్కడ పడేసి చచ్చానో.”

“కిటికీ పక్కన, ఎండలో, మూత లేకుండానా? సగమే ఉందేంటి?”

“వాడితే తగ్గదా? నేనేమీ... ఆగు. ఆగాగు. కడ్డీకి అంటుకునేది బొట్టే కదరా.”

“ఏమైంది?”

“నీళ్ళు ఆవిరైపోయాయి. ఉప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. పై అరలో కొత్త సీసా ఉంది, విప్పు. గ్లాసులో పొయ్యి.”

“పోశా. ఎంతొచ్చింది? అక్కా, ఎంత?”

“ఏడు వందలు. పద్నాలుగు వందలు రావాలి.”

“అంటే?”

“మీటరు ఉన్నదాంట్లో సగమే చూపిస్తోంది. నీ బోరు తొమ్మిది వందలు కాదురా. పద్దెనిమిది వందలు.”

“నా కొంప ముంచావు కదే! సీసాకి మూత పెట్టుకోవడం చేతకాదు, ఊరందరి నీళ్ళకీ తీర్పులు చెప్తావా?”

“తిట్టు. ఇంకా తిట్టు. ఈ మూడు నెలల్లో మరో నలభై మందికి బాగున్నాయని రాసిచ్చా.”

“నలభై మందికా! ...ఎవరికి ఫోను?”

“పెద్దసారుకి. ఇవాళే అందరికీ కబురెళ్ళాలి.”

“ఉద్యోగం పోతుందే.”

“పోతే పోనీ. నా బల్ల, నా సీసా. మూత పోగొట్టింది నేను. హలో, సార్...”

“పెట్టెయ్.”

“చెయ్యి తియ్యరా!”

“అలా చెప్పకక్కా. మూత నువ్వు పోగొట్టలేదు.”

“మరెవరు?”

“ఫోను ఇటివ్వు, నేను చెప్తా. మూడు నెలల కింద ఇక్కడికొచ్చినప్పుడు, ఎరువు కొలవడానికి సరిపోతుందని... నీలం మూత, నా జేబులోనే వెళ్ళింది.”