ఐసు మీద జారిపడ్డానంతే

ఒంటారియో ఉత్తరాన ఒక చిన్న ఊళ్లోని బడి. ఫిబ్రవరి నెల. ప్రిన్సిపాల్ లిసెట్ గదిలో ముక్కుకు టిష్యూలు అదుముకుని కూర్చుంది వెర్నా. తరగతిలో కుదురుగా ఉండలేని పిల్లల పక్కన రోజంతా తోడుండే సహాయకురాలు ఆవిడ.

"తల వెనక్కి వంచు వెర్నా. కార్పెట్ కొత్తది."

"విరిగిందనుకుంటా మేడమ్. కటుక్కుమంది."

"విరిగితే ఇలా మాట్లాడగలవా?"

"విరిగింది ముక్కు మేడమ్, నోరు కాదు."

"సరే, సరే. అసలు నువ్వేం చేశావు?"

"నేనా?"

"అంతకుముందు. బ్రిన్ ఊరికే కుర్చీ ఎత్తదు కదా. పదేళ్ల పిల్ల."

"పదేళ్లే. నా అంత ఎత్తుంది. లెక్కలు చాలించి కోటేసుకోమన్నాను, బయట ఆడుకునే వేళయిందన్నాను. అంతే."

"ఎలా అన్నావ్?"

"ఎలా అనడమేంటి? నోటితో అన్నాను."

"గొంతు పెంచావా?"

"లేదు."

"కొంచెం?"

"లేదంటున్నానుగా! కుర్చీ మొహానికి తగిలాక అరిచాను. అరవకూడదా?"

"మిగతా పిల్లలు హడలిపోయారు వెర్నా. నీ అరుపుకి."

"నా అరుపుకి."

"కారిడార్లో ఇద్దరు ఒకటే ఏడుపు. నేనే వెళ్లి సముదాయించి వచ్చాను."

"బ్రిన్ ఎక్కడుంది?"

"ఆఫీసులో కూచుని బొమ్మలేసుకుంటోంది. చల్లబడింది పాపం. నీ గురించి అడిగింది కూడా."

"ఏమని?"

"వెర్నా చచ్చిపోయిందా అని."

"మేడమ్, ఈసారి నేను రిపోర్టు రాస్తాను."

"రాయి. ఎవరొద్దన్నారు? ఏమని రాస్తావ్?"

"కొట్టిందని. కిందటి వారం జుట్టు ఊడొచ్చేలా పీకిందని. క్రిస్మస్ ముందు మెట్ల మీద తోసిందని. చేతులకు ఈ మందపాటి తొడుగులేసుకుని, హాకీ గోల్‌కీపర్‌లా వస్తున్నాను బడికి. రేపట్నుంచి మొహానిక్కూడా తగిలించుకోమంటారా?"

"నవ్వించకు. నువ్వు రాస్తే ఏమవుతుందో చెప్పనా? బ్రిన్‌ని ఇంటికి పంపేస్తారు. ఆ తల్లికి మొగుడు లేడు. వృద్ధాశ్రమంలో డ్యూటీ మానుకుని దీన్ని కాపలా కాయాలి. ఉన్న ఒక్క ఉద్యోగమూ ఊడుతుంది. ఆ ఉసురెవరికి తగులుతుంది?"

"నాకా?"

"నేనలా అన్నానా?"

"అనలేదు. నన్ననుకోమన్నారు."

"మెట్లంటే గుర్తొచ్చింది. ఆ రోజు దాని జబ్బ కమిలిపోయింది. వేళ్ల గుర్తులు. తల్లి ఫొటో తీసి నాకు పంపింది."

"పడిపోతుంటే పట్టుకున్నాను! నన్ను తోసి తనూ తూలింది. వదిలేస్తే తల పగిలేది."

"నాకు తెలుసు. నాకు తెలుసు కాబట్టే అది స్కూలు బోర్డు ఆఫీసు దాకా పోలేదు. వాళ్లకు తెలీదు కదా."

"మేడమ్..."

"ఇంకో టిష్యూ తీసుకో."

"బెదిరిస్తున్నారా?"

"అయ్యో! టిష్యూ ఇస్తున్నాను."

"నాకు యూనియన్ ఉంది."

"ఉంది. ఫోన్ చెయ్. విచారణ అంటారు. మంచిదే. విచారణలో ఫొటో కూడా బయటికొస్తుంది. తేలేదాకా నువ్వు ఇంట్లో కూచోవాలి, పిల్లలకు దూరంగా. ఊరు చిన్నది వెర్నా. ఎందుకు దూరంగా ఉంచారని అడిగినవాళ్లకు ఏం చెప్తావ్?"

"నిజం చెప్తాను."

"నీ మనవరాలు బాగుందా?"

"దాని సంగతెందుకిప్పుడు?"

"నీ దగ్గరే కదా పెరుగుతోంది. శిశు సంక్షేమం వాళ్లు వచ్చి చూసిపోతుంటారన్నావు. వాళ్ల చెవిన ఇలాంటివి ఎంత తొందరగా పడతాయో, అదే నా బెంగ."

"పిల్లని తీసుకుపోతారు మేడమ్. మీరు... మీరు చెప్తారా వాళ్లకి?"

"నేనెందుకు చెప్తాను? అడిగితే అబద్ధం ఆడలేను, అంతే."

"ఏం చేయమంటారు నన్ను?"

"కార్ల దగ్గర పొద్దున్నుంచీ ఐసు అద్దంలా గడ్డకట్టింది. కరగడానికి ఉప్పు చల్లమన్నాను, చల్లినవాడు లేడు. కారు దిగావు, జారావు, బోర్లా పడ్డావు."

"బోర్లా పడ్డాను."

"ఆసుపత్రిలో అదే చెప్పు. యూనియన్‌కీ అదే. ఇంకోటి, లైబ్రరీలో ఖాళీ వచ్చింది. ఎన్నాళ్లనుంచో అడుగుతున్నావుగా."

"లైబ్రరీ."

"సోమవారం నుంచే. పుస్తకాలు కుర్చీలు విసరవు."

"మరి బ్రిన్ దగ్గరికెవరు?"

"టెస్సా అని కొత్తమ్మాయి. మొన్ననే కాలేజీ అయింది. పిల్లలంటే ప్రాణమట. బయటే కూచుంది."

"ఆ పిల్లకు చెప్పారా?"

"ఏమని? ఇక్కడేమైనా జరిగిందా వెర్నా?"

"మేడమ్, అది అన్యాయం..."

"జరిగిందా?"

"లేదు."

"టెస్సా! లోపలికి రామ్మా. ఈవిడే వెర్నా. బ్రిన్ సంగతి ఈవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఏం కావాలన్నా అడుగు."

"నమస్తే అండీ... అయ్యో, మీ మొహం! ఏమైంది?"

"జారిపడ్డానమ్మా. ఐసు."

"ఎంత రక్తమో! ఆసుపత్రికి నేను తీసుకెళ్లనా? కారుంది."

"వద్దు. వెళ్తాలే."

"వెర్నా గారూ, ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. ఇంకా ఎవరికీ చెప్పలేదు. మేడమ్, మీక్కూడా చెప్పలేదు. నాకు మూడో నెల."

"ఓ... సంతోషం టెస్సా. చాలా సంతోషం."

"కిందటిసారి నిలవలేదు. అందుకే మా ఆయనకు భయం. ఆ పిల్ల కొట్టే రకమైతే ఈ పనే ఒద్దంటున్నాడు. మీరెలా చెప్తే అలా చేస్తాను వెర్నా గారూ. కొడుతుందా?"

"చెప్పు వెర్నా. అమ్మాయి అడుగుతోంది."

"బ్రిన్నా? నోట్లో వేలు పెడితే కొరకలేదమ్మా. దగ్గరగా కూచో, అంతే. పక్కనే కూచుంటే దానికిష్టం."