వాన రాదని చెప్పింది నేనే

"అమ్మమ్మా, మా నాన్నని కన్న నాయనమ్మకి పిడుగు పడిందంట గదా. అదెట్లా జరిగింది?"

ఎట్లా అంటే, వాన రాదని నేను చెప్పాను. వచ్చింది. ఆమె పోయింది. నీకు పిడుగు సంగతి చెప్పినవాళ్లు నా సంగతి చెప్పి ఉండరు. ఆ పీట ఇటు లాక్కుని కూర్చో, చెబుతా.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి అది. నేను గుంటూరులో ఇంటర్మీడియెట్ చదువుతున్నా. సెలవలకి ఇంటికొచ్చా. మీ తాతకి నేను చెల్లెల్ని, నీకు అమ్మమ్మ వరస. మీ నాయనమ్మ నాకు వదిన. రత్తమ్మ. నకరికల్లు పిల్ల. నాకంటే రెండేళ్లే పెద్ద. మీ నాన్నకి అప్పుడు తొమ్మిదో నెల, కాదులే, పది నిండినయ్. గడపలు దాటతా ఉన్నాడు.

మా వదినకి చదువు లేదు. చదువంటే మాత్రం చానా మోజు. నేను ఏదన్నా చదువుతుంటే పక్కన చేరి వక్కలు కత్తిరిస్తా, "ఏమే కాలేజీ, అందులో ఏం రాశారో పైకి చదువు, మేమూ వింటాం" అనేది. అచ్చులో ఉన్న మాట అబద్ధం అవుతుందని ఆమెకి తోచేది కాదు. నాకూ తోచేది కాదనుకో, నేను చదువుకున్నదాన్నయినా.

మన వైపు ఎండాకాలపు వాన ఎట్లా వస్తదో నీకు తెలుసుగా. పొద్దుటి నుంచీ పడమటిగాలి ఈడ్చి కొడతా ఉంటది, పెదాలు పగిలిపోతయ్. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోతది. ఆకు కదలదు. అప్పుడు నల్లమల వైపు చూడాలి. అక్కడ గుప్పెడు మబ్బు కనపడిందా, గంటలో మన నెత్తిమీద ఉంటది. మా నాయన ఇవన్నీ చూసేవాడు. తెల్లారగట్లే వాకిట్లో నిలబడి, మొహం పైకెత్తి, "ఇయ్యాల ఉంటది" అనో "ఇయ్యాల ఉండదు" అనో అనేవాడు. ఊళ్లోవాళ్లు మిరపకాయలు ఆరబోసే ముందు వచ్చి అడిగిపోయేవాళ్లు. ఆయన చెప్పినవన్నీ జరిగేవని నేను చెప్పను. తప్పేవి. కానీ అనుమానం ఉంటే కుప్ప చెయ్యమనేవాడు. తప్పినా ఎవరికీ నష్టం లేని వైపు తప్పేవాడు. ఈ తేడా నాకు అప్పుడు తెలియలా.

మా కల్లం ఊరి బయట, నాపరాయి బండమీద. మట్టి కల్లం కంటే అక్కడ కాయ తొందరగా ఎండేది. పొద్దున పలచగా ఆరబోసి, సాయంత్రం కుప్పకి లాగి, తాటాకు చాపలు కప్పి, రాళ్లు పెట్టాలి. తడిస్తే కాయ తెల్లబడతది, ఇంక దాన్నెవడూ ముట్టుకోడు. ఆ ఏడు కాపు బాగా వచ్చింది. కుప్ప చెయ్యాలంటే ఆరుగురు ఆడవాళ్లకి గంటసేపు పని.

ఆ రోజు మాచర్ల తిరునాళ్ల. మా అమ్మా, మీ తాతా తెల్లారే రైలుకి పోయారు. అమ్మకి మొక్కుబడి ఉంది. ఆ రైలుబండి సంగతి చెప్పాలంటే అదొక పెద్ద కథ, తిరునాళ్ల రోజుల్లో జనం కప్పుమీద కూడా ఎక్కేవాళ్లు. సరే, అది అట్లా ఉండనీ. కల్లంలో పనిచేసే ఆడవాళ్లు కూడా మధ్యాహ్నం బండికి పోతామని వదినని పట్టుకున్నారు. "పొద్దున ఆరబోసి పోతాం, ఈ ఒక్క రాత్రికి కుప్ప చెయ్యకుండా అట్లాగే ఉండనీ, రేపు పొద్దున్నే వచ్చి వాలతాం రత్తమ్మా" అని. ఆమెకి పంపాలనే ఉంది. ఏడాదికొక తిరునాళ్ల, వాళ్లు మాత్రం ఎప్పుడు పోతారు.

నాయన వాకిట్లో నుంచి లోపలికొచ్చి, "ఇయ్యాల అనుమానంగా ఉంది. ఆరబొయ్యొద్దు, కుప్పనట్టే ఉండనీండి" అన్నాడు.

నేను అరుగుమీద పేపరు చదువుకుంటున్నా. అణా పేపరు. నా కోసమే తెప్పించేవాడు నాయన, ఊళ్లో ఇంకెవరూ తెప్పించేవాళ్లు కాదు. అందులో ఒక మూల చిన్న అక్షరాలతో వేశారు, రాగల ఇరవైనాలుగు గంటల్లో వాతావరణం పొడిగా ఉంటుందని. అది చదివి వినిపించా.

వదిన చేతిలో పని ఆపి, "మన పల్నాడు మబ్బు కూడా వాళ్లకి కనపడతదా?" అంది.

"వాళ్లకి యంత్రాలున్నాయి వదినా. నాయన లాగా మెడ పైకెత్తి చూడరు" అన్నా.

ఆమె నవ్వింది. నాయనా నవ్వాడు. నవ్వి, ఇంకేం అనలా. ఆడపిల్లని గుంటూరు పంపి చదివిస్తావేందని ఊరంతా అంటే అందరితో పోట్లాడినవాడు ఆయన. ఇప్పుడు నా చదువు మాట కాదంటే, తను పోట్లాడిందంతా దండగేనని ఒప్పుకున్నట్టు అవుతుందనుకున్నాడేమో. నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలా.

"సరే, అమ్మాయి చెప్పిందిగా" అంది వదిన. కూలోళ్లు ఆరబోసి, తిరునాళ్లకి పోయారు.

మూడుగంటలప్పుడు గాలి ఆగిపోయింది. నేను పుస్తకం చదువుతున్నా, గమనించలా. నాయన మంచంలోంచి లేచి కూర్చున్నాడు. ఆయనకి అప్పటికే మోకాలు వంగేది కాదు, కర్ర లేందే నాలుగడుగులు పడవు. "అమ్మా రత్తా, నల్లమల వైపు చూడు" అన్నాడు. వదిన వాకిట్లోకి పోయి చూసి, మారుమాట లేకుండా చీర ఎగదోపింది. మీ నాన్నని తెచ్చి నా ఒళ్లో కూలేసింది.

"నేనూ వస్తా" అన్నా.

"నీకు పార పట్టటం రాదు. వాణ్ణి ఎత్తుకో, అది చాలు" అంది. కోపంగా కాదు, మామూలుగానే. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "వాడికి ఆకలైతే చెంచాతో పాలు పట్టు, వేడిగా పట్టమాక" అని చెప్పి పోయింది.

వాన ముందు రాలా. ముందు దుమ్ము వచ్చింది, తర్వాత ఉరుములు. నాలుగు వడగళ్లు పడితే, రోకలి వేస్తే ఆగుతయ్యంటారు గదా, నాయన అలవాటు కొద్దీ రోకలి వాకిట్లోకి విసిరేశాడు. ఆ తర్వాత ఒక చప్పుడు. ఉరుము కాదది. ఇంట్లో గిన్నెలు కదిలినయ్. మీ నాన్న ఏడవలా. నా జాకెట్టు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

నాయన కర్ర తీసుకుని వానలో బయల్దేరాడు. బిడ్డతో నేను గడపలో నిలబడ్డా.

పావు వంతు కాయ కుప్ప చేసింది ఆమె. చాప కప్పి, రాళ్లు కూడా పెట్టింది. ఒక్కతే, అంత సేపట్లో అంత పని. మిగిలిందంతా నీళ్లలో బండమీద నుంచి జారి పొలంలోకి పోతా ఉందంట. పార ఆమె చేతిలోనే ఉందని నాయన చెప్పాడు. సాయంత్రం బండికి మీ తాతా అమ్మా వచ్చారు. మీ నాన్న కోసం కొన్న కొయ్య బండి మీ తాత చేతిలో ఉంది. ఆ ముక్క వదిలెయ్, దాని గురించి నేను మాట్లాడలేను.

పెద్దకర్మ అయిన తర్వాత ఇల్లు సర్దుతుంటే ఆ పేపరు దొరికింది. తేదీ చూశా. అది మొన్నటిది. ఆ రోజుకి మొన్నటిది. ఎక్కడో అచ్చయి, గుంటూరొచ్చి, మాచర్ల బండెక్కి, స్టేషన్ నుంచి తపాలా అతను నడిచి మా ఊరు తెచ్చేసరికి ఆ ఇరవైనాలుగు గంటలు దారిలోనే అయిపోయినయ్. పేపరు వాళ్ల తప్పేం లేదు. వాళ్లు చెప్పిన రోజున నిజంగానే వాన రాలా. తేదీ చూడనిది నేను.

అమ్మకి చూపించా. ఆమె తీసుకుని పొయ్యిలో పెట్టింది. "ఇంకెక్కడా అనమాక. పిడుగు మన చేతిలో లేదు. ఈ మాట బయటికి పోతే నీకు సంబంధాలు రావు" అంది. పిడుగు ఎవరి చేతిలోనూ లేదు, ఒప్పుకుంటా. వదిన ఆ బండమీద ఎందుకు ఉందనేది నా చేతిలోదేగా.

నాయన నన్నొక్క మాట అనలా. మళ్లీ కాలేజీకి పంపాడు, బి.ఏ. దాకా చదివించాడు. కానీ మరుసటి ఏడు మిరపకాయల రోజుల్లో జనం వచ్చి, "ఏం పెద్దాయనా, ఇయ్యాల సంగతేంది" అంటే, "నాకేం తెలుస్తదిరా" అని లోపలికి వచ్చేశాడు. ఆ తర్వాత పొద్దున్నే వాకిట్లో నిలబడటం మానేశాడు. పోయేదాకా మళ్లీ మబ్బు మాట ఎత్తలా. ఇంట్లో రెండు పోయినయ్ ఆ రోజు. ఒకదాన్ని గురించి ఎవరూ ఏడవలా, అంతే.

మీ తాత మళ్లీ చేసుకున్నాడు. నువ్వు నాయనమ్మా అని పిలిచే ఆమె మంచిది, మీ నాన్నని బాగా చూసింది. ఆమె మీద నాకేం మాట లేదు.

నేను నరసరావుపేట స్కూల్లో చేరాక మీ నాన్న నా దగ్గరుండి చదువుకున్నాడు. ఫోర్త్ ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం కూర్చోబెట్టి, ఇప్పుడు నీకు చెప్పినట్టే చెప్పా. అమ్మ మాట కాదని. వాడు అంతా విన్నాడు. గోరుతో బల్ల గీకతా, "ఆమె నీతో బాగా ఉండేదా అత్తా?" అన్నాడు. ఉండేదిరా అన్నా. లేచి బయటికి పోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలా. మూడోరోజు లెక్కల పుస్తకం పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆ రెండు రోజుల్లో నేనొకటి నిర్ణయించుకున్నా. వీడికి పిల్లలు పుడితే వాళ్లకీ ఈ సంగతి నా నోటి నుంచే తెలియాలి, పిడుగు మీదకి నెట్టి ఇంకెవరో చెప్పగూడదని. నీకు ఇయ్యాల చెప్పా. మీ చెల్లెలికి ఇంకా తొమ్మిదేళ్లేగా. దానికీ ఊహ తెలియనీ, దానికీ నేనే చెబుతా.