సాంబయ్య బండికి అరగని టైర్లు

2009 వానాకాలంలో ఆ శనివారం మధ్యాహ్నం గిరిప్రసాద్ నాచారం వచ్చింది కారుకి నాలుగు టైర్లు వేయించుకోవడానికి. పొద్దు గుంకే లోపల ఆ పని ముగించి, దమ్మాయిగూడలో ఇంటి ముందు బండి ఆపి, భార్య సుష్మకి చూపించాలి. లేకపోతే సోమవారం నుంచి పాప ఆ కారెక్కదని ఆవిడ తేల్చి చెప్పేసింది. మొన్న బుధవారం వానలో హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే కారు ఆగకుండా జారిపోయి, ముందున్న బస్సుకి జానెడు దూరంలో నిలబడింది. వెనక సీట్లో కునుకు తీస్తున్న పాప గౌతమి నుదురు ముందు సీటుకి కొట్టుకుని బొప్పి కట్టింది. పెద్దగా ఏమీ కాలేదు కదా అని ఆఫీసులో అందరూ అన్నారు. గిరిప్రసాద్‌కి మాత్రం ఆ జానెడు దూరం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నిద్రలో కూడా బ్రేకు తొక్కుతున్నాడు పాపం.

టైర్ల షాపు బిక్షపతి ఆయన ముందు మూడు రకాలు వరసగా నిలబెట్టాడు.

"సారూ, ఈ గట్టి రబ్బరుది మస్తు దినాలొస్తది, గని వానల జర జారుతది. ఈ మెత్తది మంచిగ పట్టుకుంటది, గని జల్ది అరుగుతది. రోజు బడికి, ఆఫీసుకు తిరిగే బండికి ఈ నడిమి రకం సాలు. దినాలూ వస్తది, వానల ఆగుతది."

తర్వాత టైరు పక్కన అచ్చయిన నాలుగంకెల మీద వేలు పెట్టాడు. "గివి సూస్కోవాలె. మొదటి రెండు, ఏడాదిల ఎన్నో వారమో. ఎన్కటి రెండు, ఏ సంవత్సరమో. ఎప్పుడు తయారైందో గీడ తెలిసిపోతది."

గిరిప్రసాద్ అర్థమైనట్టే తలూపాడు. ఆయన లెక్కల గుమాస్తా, అంకెలంటే భయం లేదు. అమ్మేవాడి మాటంటేనే భయం. ఆ నడిమి రకం మీద ఇతనికి నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయేమో ఎవరికి తెలుసు? "ఒక్క టీ తాగి చెప్తానండీ" అని పక్కనే ఉన్న రాములమ్మ టీ కొట్టు బెంచీ మీదికి చేరాడు. అక్కడే చిక్కొచ్చిపడింది. ఆ బెంచీకి రెండో చివర సాంబయ్య ఉన్నాడు.

సాంబయ్య ముప్పయ్యేళ్ళు నాచారం ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఇల్లు నాగారంలో. రోజూ కారేసుకుని వచ్చి, ఎదురుగా ఆపి, ఇక్కడే కూర్చుంటాడు. ఆయన గొంతు సవరించుకుంటే చాలు, రాములమ్మ ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెడుతుంది. వినేవాళ్ళు కనీసం రెండో టీ తాగుతారని ఆవిడ నమ్మకం.

"టైర్ల ముచ్చటనా సారు? గా బిక్షపతిని అడుగుతరా ఎవరన్న? నన్నడుగు," అన్నాడు సాంబయ్య. "గా తెల్ల బండి సూడు. నాదే. నీ బండీ గదే, టైర్ల సైజు గూడ గదే. మూడేండ్ల సంది ఒక్క పంచరు గాలే."

"మూడేళ్ళాండీ?" అన్నాడు గిరిప్రసాద్. ఆ మాటకి నిజంగానే ముచ్చటపడ్డాడు.

ఆ ముచ్చట చూడగానే సాంబయ్యకి మూడేళ్ళు మరీ తక్కువనిపించింది. "మూడేంది, అసలు ఆ టైర్లు ఏసిందే తొంబై ఆరుల. పదమూడేండ్లాయె. ఇప్పటిదాంక ఇప్పలే. ఓపారి ఏమైందంటె, ఘట్‌కేసర్ కాడ లారీలకెల్లి ఇనుప మొలల బస్తాలు జారిపడి పగిలినయ్. రోడ్డంత మొలలే. ముంగట పోయే బండ్లన్ని ఫుస్సు ఫుస్సుమని కూలవడ్డయ్. నేను ఆగుతనా? సక్కగ మీదికెల్లే పోనిచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎన్కకు మర్రి సూస్తె మొలలన్ని నడుము వంగి పన్నయ్. లారీ డ్రైవరు ఉరికొచ్చి నా కాలరు వట్టిండు, సరుకంత ఖరాబు జేసినవ్, ఇప్పుడెవడు కొంటడని."

"పాపం, ఆయన తప్పేముంది," అంది రాములమ్మ టీ వడపోస్తూ.

గిరిప్రసాద్ జేబులోంచి చీటీ తీసి, దాని వెనక 'గట్టిది' అని రాసుకున్నాడు. "అంటే గట్టి రబ్బరే తీసుకోమంటారండీ?"

"గట్టిదెవరు కొనమన్నరు?" అని సాంబయ్య కస్సుమన్నాడు. "గట్టిది కొని గోతిల పడ్తవా? మెత్తగుండాలె, వెన్నపూస లెక్క. రెండువేల సాల్ల పెద్ద వాన వడ్డది, యాదికుందా? గా దినం ఉప్పల్ కాడ నా బండికి బర్రె అడ్డమొచ్చింది. బ్రేకు గొట్టిన. బండి ఆగింది. బర్రె దాటి పోయింది. గని నా టైర్లు రోడ్డును ఇడుస్తలెవ్ సారు. గంత పట్టు. సరే అని గేరేసి గట్టిగ తొక్కిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డే ఊడొచ్చింది. కొత్తగ ఏసిన డాంబరు, సాప సుట్టినట్టు టైర్లకు సుట్టుకుంట సుట్టుకుంట హబ్సిగూడ దాంక వచ్చింది."

"రోడ్డంతానాండీ?"

"మరి సగం ఇడిసిపెడ్తదా? కాంట్రాక్టరు మా ఇంటికొచ్చి కూసున్నడు, నా రోడ్డు నాకియ్యమని. ఇప్పనీకి రెండు దినాలు వట్టింది. జల్ది జల్దిల తిరగేసి పరిచిండు గాడు. అడుగున ఉండే గుంతలన్ని మీదికొచ్చినయ్."

"అయితే నా నడుము నొప్పికి కారణం నువ్వేనా సాంబన్నా," అంది రాములమ్మ. "దినాం గా తొవ్వల్నే వస్త నేను."

గిరిప్రసాద్ నవ్వలేదు. నవ్వే స్థితిలో లేడు. 'గట్టిది' కొట్టేసి 'మెత్తది' అని రాశాడు. రాశాక బిక్షపతి మాట గుర్తొచ్చి మళ్ళీ అనుమానం పట్టుకుంది. షాపు గుమ్మంలో పంచరు వేస్తున్న బిక్షపతి వైపు చూశాడు. బిక్షపతి అన్నీ వింటూనే ఉన్నాడు గానీ తలెత్తలేదు. ఒక గిరాకీ సంగతి ఇంకో గిరాకీ దగ్గర ఎత్తకూడదని ఆయన పట్టింపు. కాకపోతే ఆయన భుజాలు మాత్రం కొద్దిగా కదులుతున్నాయి.

"మరి మెత్తది తొందరగా అరిగిపోతుందన్నారండీ ఆయన. నేను ఏటేటా కొనలేనండీ. పాపని రోజూ అందులోనే తీసుకెళ్ళాలి," అన్నాడు గిరిప్రసాద్ దీనంగా.

"అరుగుడా?" సాంబయ్య గ్లాసు పక్కన పెట్టాడు. "నా టైర్లు అరుగవ్ సారు. పెరుగుతయ్."

పాలు పొంగబోతుంటే రాములమ్మ గిన్నె దించింది.

"కిలోమీటర్ల మీటరు ఉంటది సూడు, గది లక్ష దాటి సున్నకొచ్చింది. మళ్ళ మొదలువెట్టింది. మళ్ళ సున్న. తొమ్మిదోపారికి సిగ్గువడి బందైంది. టైరు మాత్రం దినదినం దొడ్డుగైతున్నది. బండి ఎత్తు లేస్తున్నది. ఇప్పుడు మా ఆమె శ్యామలమ్మ బండెక్కాలంటె పీట గావాలె. పీట మీదికెల్లి గూడ అందుతలేదు. గందుకే ఆమె ఎక్కుడు బంద్ జేసింది, బస్సులనే తిరుగుతున్నది. ఏం జెయ్యాలె? నెలకోపారి కటింగు షాపుకు తోల్కపోయి నాలుగు టైర్లకు గొరిగిస్తున్న. అవద్దమైతే పోయి సూడు. మొన్ననే గొరిగించిన, మళ్ళ ఎంటికలు మొలిచినయ్."

గట్టిదీ మెత్తదీ అరగనిదీ పెరిగేదీ అన్నీ కలిసి గిరిప్రసాద్ తల తిరిగిపోయింది. ఇక రకం గొడవ వదిలేసి, కనీసం ఆ టైరు పేరైనా చూసి అదే కొనేస్తే పోతుందనుకున్నాడు. లేచి వెళ్ళి తెల్ల కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

వెంట్రుకలు ఉన్నాయి. టైరు అంచున సన్నగా, నల్లగా, రబ్బరు పోగులు నిజంగానే నిక్కబొడుచుకుని ఉన్నాయి. గిరిప్రసాద్ ఒకదాన్ని వేలితో లాగి చూశాడు. ఈ మనిషి చెప్పేది నిజమేనా? అలాగైతే ఆ రోడ్డు కూడా ఊడొచ్చిందా? పేరు కోసం చేత్తో దుమ్ము తుడిచాడు. పేరు కనపడింది, దానికి కాస్త ఎడంగా నాలుగంకెలు కనపడ్డాయి. వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. మళ్ళీ వేసుకున్నాడు. లేచి వచ్చి, ఎంతో మర్యాదగా, తప్పు తనదే అయ్యుంటుందన్న గొంతుతో అడిగాడు.

"సాంబయ్యగారూ, నాకే సరిగ్గా అర్థం కాలేదేమో చెప్పండి. అక్కడ 2109 అని ఉందండీ. ఇరవై ఒకటో వారం, తొమ్మిదో సంవత్సరం. అంటే మొన్న మే నెలండీ. మే నెలలో పుట్టిన టైరుని మీరు తొంబై ఆరులో ఎలా వేయించారండీ?"

రాములమ్మ టీ వడకట్టే జల్లెడ గ్లాసులో పడేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిక్షపతి ఇక ఆపుకోలేక పంచరు వదిలేసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నేను జెప్పలే సాంబన్నా. టైరే జెప్పింది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "జూన్ల మా షాపుల్నే ఏయించిండు సారూ. నడిమి రకం. నేను మీకు సూపిచ్చినయే. అన్ని రకాలు ఒత్తి ఒత్తి సూసి, పొద్దంత ఆలోచించి గవే కొన్నడు. ఎంటికలంటరా, కొత్త టైరుకు ఎవనిదానికైన ఉంటయ్."

సాంబయ్య ఖాళీ గ్లాసుని పెదాల దాకా తీసుకెళ్ళి మళ్ళీ దించాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతు వేరేగా ఉంది.

"తొలి వాన దినం నాగారం మలుపు కాడ జారింది బండి. మా ఆమె పక్కన కూసుంది. పాత టైర్లు గుండయినయ్, మార్పియ్యమని ఆమె ఏడాది సంది మొత్తుకున్నది. ఇంకో పదేండ్లు నడుస్తయని నేనే కోతలు కోసిన. రోడ్డు పక్క మురికి మోరిల దిగవడ్డం. ఆమె చెయ్యి ఇరిగింది." గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "తెల్లారే వచ్చి కొత్తయి ఏయించిన. గని ఆమె ఎక్కుతలేదు. కొత్త టైర్లు ఏయించిన్నే అంటె, నీ కోతలు నా కాడనా అంటది. ఎట్ల నమ్మియ్యాలె సారు?"

గిరిప్రసాద్ చేతిలోని చీటీని నలిపి పారేశాడు. బుధవారం నుంచి గుండెల మీద కూర్చున్న బరువు కాస్త జరిగినట్టనిపించింది. "బిక్షపతిగారూ, ఆ నడిమి రకమే నాలుగూ వేసెయ్యండి," అన్నాడు. తర్వాత సాంబయ్య వైపు తిరిగాడు. "మీరేం చెప్పకండి. ఆవిడకి ఆ నంబరు చూపించండి చాలు."

సాంబయ్య లేచాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ తన కారు పక్కన మెల్లగా కిందికి కూర్చుని, టైరు వైపు కళ్ళు చికిలించి చూశాడు.

"ఏదీ, ఏడున్నది సారు? జర మళ్ళోపారి సూపియ్యి."