వంద వోల్టుల నిద్ర

ధర్మవరంలో అబూబకర్‌ది కరెంటు సామాన్ల అంగడి. పట్టుపురుగుల పెంపకం నేర్చుకోవడానికి వారం రోజులు జపాన్ పోతున్న తాడిమర్రి కుళ్లాయప్ప, పొద్దున్నే చంకలో టేబుల్ ఫ్యాను పెట్టుకుని వచ్చాడు.

"దీన్ని ఆడికేమిటికి మోసకపోతాండావప్పా?"

"దీని గరగర ఇనపడకుంటే నాకు నిద్ర రాదన్నా. ఆడ ప్లగ్గు వేరే అంట గదా."

"దానికి ఈ అడాప్టరు సాలు. అయితే ఆడ కరెంటు వంద వోల్టులే. నీ ఫ్యాను సరిగ్గా తిరగదు. ఈ కన్వర్టరు తీసుకో, ఎంత తక్కువ వచ్చినా రెండొందల ముప్పై చేసిస్తాది."

"మా ఊర్లో పొద్దు గూకితే వచ్చేది ఆ వందే గదన్నా! పదైదేండ్లుగా దానికే తిరగతాండాది. గాలి రాదుగానీ, గరగర బాగా వస్తాది."

అబూబకర్ అడాప్టరు ఒక్కటే బల్ల మీద ఉంచాడు. కన్వర్టరును మళ్లీ అరలో పెట్టబోయాడు.

"ఆగన్నా. అది మా ఇంట్లో పెడితే, గాలి గూడా వస్తాదా?"

"ఎందుకు రాదు?"

"అయితే అడాప్టరు వద్దు. అదే ఇయ్యి. ఫ్యాను ఇంట్లోనే ఉంటాది."

"మరి జపాన్‌లో నీ నిద్ర?"

"వారమే గదా, మేలుకుంటా. ఈడ నా పెండ్లాం విసనకర్ర పట్టుకోని పదైదేండ్లుగా మేలుకోనే ఉండాది."