సీలు వేసిందెవరు?

నాన్న కొత్త చెవి మిషన్‌కి శబ్దం సరిచేసే సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లోకి డౌన్‌లోడ్ అయింది. పక్క కుర్చీలో ఆయన ఏమీ వినపడకపోయినా నవ్వుతూ కూర్చున్నాడు. ఆయన్ని మళ్ళీ మాటల్లో కలుపుకోవాలని కూతురికి ఒకటే తొందర.

"అమ్మా, ఈ ఫైలు మీది డిజిటల్ సంతకం చెల్లుతుందని చూపిస్తోంది. ఎక్కించేయనా?"

"ఆగు. ఎవరి సంతకం?"

"ఎవరిదైతేనేం? చెల్లింది కదా!"

"ముప్పయ్యేళ్ళు మందుల షాపు నడిపాను. సీలు చెక్కుచెదరలేదంటే దారిలో ఎవరూ మూత తీయలేదనే. సీసాలో మందుందో విషముందో సీలుకేం తెలుసు? వేసినవాడెవడో చూడు."

సంతకం మీద నొక్కి చూసిన కూతురి మొహం చిన్నబోయింది.

"ఎవరో ఊరూ పేరూ లేనివాళ్ళమ్మా. మిషన్ చేసిన కంపెనీ కాదు."

"ఎక్కడ దొరికింది నీకిది?"

"నెట్‌లో వెతికితే ముందొచ్చిన చోట."

"బాగుంది! తీసి అవతల పారెయ్. అట్టపెట్టె మీద వాళ్ళ వెబ్‌సైట్ ఉంది, అక్కణ్ణుంచి తెచ్చుకో."

ఈసారి సంతకంలో పేరు, పెట్టె మీది పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. తల్లి కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "ఊఁ, ఇక కానీ" అంది. సాఫ్ట్‌వేర్ ఎక్కాక కూతురు నాన్న చెవికి మిషన్ పెట్టి, శబ్దం మెల్లమెల్లగా పెంచింది.

"ఇక ఈయన్ని తిట్టుకోవడానికి లేదన్నమాట," అని గొణిగింది తల్లి.

"నీ తిట్లు పెదాలు చూసే పట్టేసేవాణ్ణి," అన్నాడు నాన్న. "గొంతు విని మాత్రం నాలుగేళ్ళయింది. ఏదీ, ఇంకోటి తిట్టు."