బల్ల మీద రష్యన్, అరుగు మీద ఎస్పెరాంతో

శ్రీ కొల్లాబత్తుల రాజరత్నం గారు 1968 జూలై ఒకటో తేదీ సోమవారం నాడు, రాజమండ్రిలోని మన వశిష్ఠా విద్యా సమితి సాయంకాల భాషా కేంద్రంలో రష్యన్ ఉపన్యాసకులుగా చేరారు. ఈ 1999 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికకు ఆయనను గురించి వ్రాయమని సమితి వారు నన్ను కోరుతూ, 'బహుభాషా కోవిదులు' అనే మాట మరచిపోవద్దని సూచించారు. రాజరత్నం గారికి తెలుగు, ఇంగ్లీషు కాక వచ్చిన భాషలు రెండే. ఒకటి రష్యన్, రెండవది ఎస్పెరాంతో. ఆ రెండింటినీ ఆయన ఇన్నేళ్ళు ఎలా మోశారో చెబితే చాలునని, పెద్ద బిరుదులు అవసరం లేదని నా అభిప్రాయం. ఇంటి పని ముగించుకుని సాయంత్రం ఆరింటికి వచ్చే విద్యార్థినిగా 1987లో ఆయన తరగతిలో చేరి, తరువాత సహాయ బోధకురాలిగా ఆయన పక్కనే పనిచేసినదాన్ని కాబట్టి, చూసినంత వరకు వ్రాస్తున్నాను.

ఆయన స్వస్థలం ధవళేశ్వరం. తండ్రి దేవదానం గారు కాలువల ఆఫీసులో నక్షాలకు నకళ్ళు గీసే ట్రేసరుగా పనిచేశారు. లూథరన్ బడిలో చదివి, రాజమండ్రిలో డిగ్రీ పూర్తి చేసి, హైదరాబాదులో రష్యన్ డిప్లొమా పొంది, ఎక్కడికీ పోకుండా మళ్ళీ గోదావరి ఒడ్డుకే వచ్చారు. ఆ రోజుల్లో రష్యన్‌కు గిరాకీ ఉండేది. సాంకేతిక గ్రంథాలు చదవదలచిన ఇంజనీర్లు, ఉపకార వేతనాల మీద మాస్కో వెళ్ళదలచిన సైన్సు విద్యార్థులు గది నిండా కూర్చునేవారు. ఆ సందడిలో ఉండగానే, 1976లో, ఆయన పోస్టు ద్వారా ఎస్పెరాంతో నేర్చుకుని, మరుసటి సంవత్సరం నుంచి ఆ తరగతిని కూడా అదే గదిలో, అదనపు వేతనం ఏదీ లేకుండా ప్రారంభించారు.

ఈ రెండు భాషలకూ పోలిక ఏమిటని కొత్తవారు అడిగేవారు. ఎస్పెరాంతో ఒక కంటి వైద్యుడు కూర్చుని కట్టిన భాష. రష్యన్ కోట్లాది మంది నోళ్ళలో నలిగి తయారైన భాష. ఎస్పెరాంతోలో నామవాచకాలన్నీ ఒకే అచ్చుతో ముగుస్తాయి, బహువచనం ఒకే తీరుగా వస్తుంది, 'పెద్ద' అనే మాటకు ముందు చిన్న ముక్క తగిలిస్తే 'చిన్న' అవుతుంది, నేర్చుకున్న సూత్రానికి మినహాయింపు అంటూ ఉండదు. రష్యన్‌లో బల్ల పురుషుడు, పుస్తకం స్త్రీ, కిటికీ నపుంసకం. నడిచి వెళ్ళడానికి ఒక క్రియ, బండెక్కి వెళ్ళడానికి మరొకటి. మాటలో ఊనిక ఎక్కడ పడుతుందో ముందుగా చెప్పే సూత్రం లేదు. అయినా తెలుగువాడికి రష్యన్‌లో ఒక ఊరట ఉన్నదని ఆయన చూపించేవారు. 'ఇది పుస్తకం' అని మనం ఎలా క్రియ లేకుండా ఆగిపోతామో, రష్యన్లూ అలాగే ఆగిపోతారు. ఎస్పెరాంతోలో ఆ వాక్యానికి క్రియ తప్పనిసరి. మూడు నెలల్లో ఎస్పెరాంతోలో ఉత్తరం వ్రాయగలిగిన మేము, రష్యన్‌లో రెండేళ్ళ తరువాత కూడా ఉత్తరానికి కూర్చుంటే నిఘంటువు మూయలేకపోయేవాళ్ళం.

తేలిక భాషలోనూ చిక్కులు లేకపోలేదు. అక్కడ నువ్వుకూ మీరుకూ ఒకటే మాట. మా తరగతిలో కుట్టు స్కూలు నడిపే అచ్చాయమ్మ గారు ఉండేవారు. ఆమెకు ఇది మింగుడు పడలేదు.

"మాస్టారూ, మా మావగారికీ మా పనివాడికీ ఒకటే మాటా అండి?"

"అంతేనండి."

"అయితే ఈ భాషలో నేను మా మావగారితో మాట్లాడనండి."

"ఆయనేమన్నా ఎస్పెరాంతో నేర్చుకుంటున్నారా అండి?"

"లేదండి, మాట వరసకి."

"మరింకా భయం ఎందుకండి. కానివ్వండి."

రష్యన్‌లో పెద్దలను వారి పేరుతో పాటు తండ్రి పేరు కూడా కలిపి పిలవడం మర్యాద అని చెప్పినందుకు, ఆయనకు 'రాజరత్నం దేవదానోవిచ్' అనే పేరు స్థిరపడింది. ఆయన సతీమణి సంపూర్ణమ్మ గారు కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలుస్తారని తరువాత తెలిసింది.

1991 చివర సోవియట్ దేశం లేకుండా పోయింది. రష్యన్ తరగతి రెండేళ్ళలో ఖాళీ అయింది. 1993లో కంప్యూటర్లకు గది కావలసివచ్చి, ఇకపై ఒక్క భాషే నడుపుతామని, ఏది ఉంచాలో రాజరత్నం గారే చెప్పాలని సమితి కార్యదర్శి పెద్దిరాజు గారు అడిగారు. అప్పటికి ఎస్పెరాంతోకు పద్దెనిమిది మందిమి, రష్యన్‌కు ఇద్దరు. మా గది మాకే ఉంటుందని మాలో ఎవరికీ అనుమానం లేదు. రాజరత్నం గారు రష్యన్ ఉంచమన్నారు.

"ఇద్దరి కోసం ఇంతమందిని పొమ్మంటారేంటండీ మాస్టారూ?" అన్నారు పెద్దిరాజు గారు.

"ఎస్పెరాంతో నేను లేకపోయినా వస్తుందండి. పుస్తకం చేతికిస్తే ఇంట్లో కూర్చుని నేర్చేసుకుంటారు. రష్యన్ అలా కాదు. మనిషి ఎదురుగా ఉండాలి."

"ఆ దేశమే లేదు కదండీ ఇప్పుడు."

"మనుషులున్నారు కదండి. వాళ్ళు మాట్లాడుకోవడం మానలేదు."

"మీ ఉద్యోగం కూడా రష్యన్ మీదే ఉంది లెండి" అని నవ్వారు కార్యదర్శి గారు.

రాజరత్నం గారు లేచి బయటికి వచ్చారు. మెట్ల దగ్గర అదే మాట మా వాళ్ళు కూడా అన్నారు. అదీ ఆయన విన్నారు. ఆయన ఉద్యోగం రష్యన్ మీద ఉన్న మాట నిజమే. ఆయన చెప్పిన కారణం కూడా నిజమే. రెండూ నిజం కావచ్చునని ఒప్పుకునే ఓపిక ఆ రోజు ఎవరికీ లేకపోయింది. తరువాతి ఆదివారం నుంచి, చర్చిలో ఆరాధన ముగిశాక, ధవళేశ్వరంలో తన ఇంటి అరుగు మీద ఎస్పెరాంతో పాఠం మొదలుపెట్టారు. "ఇష్టమైనది ఇంటి దగ్గరైనా చెప్పుకోవచ్చండి. కష్టమైనదానికే గది కావాలి" అని నాతో ఒక్కసారి అన్నారు. మొదట్లో అరుగు చాలలేదు. వానలు మొదలయ్యాక కొద్దిమందిమే మిగిలాము.

1996 నుంచి మళ్ళీ గది నిండింది. రష్యాలో వైద్యవిద్యకు సీట్లు దొరుకుతున్నాయని తెలిసి, ఇక్కడ ఎంసెట్‌లో ర్యాంకు రాని పిల్లలు తండ్రుల వెంట వచ్చారు. అక్కడి కళాశాలల్లో పాఠం ఇంగ్లీషులో చెప్పినా, వార్డులో పడుకున్న రోగికి ఇంగ్లీషు రాదు. అందుకని రాజరత్నం గారు ఒక పద్ధతి కనిపెట్టారు. తాను పొడవు బల్ల మీద పడుకుని, ముక్కోపి అయిన రష్యన్ ముసలమ్మలాగా మూలుగుతారు. ఆ ముసలమ్మకు మరో భాష రాదు, మర్యాద తప్పితే జవాబివ్వదు. పిల్లలు చుట్టూ నిలబడి రష్యన్‌లో అడిగి, జబ్బేమిటో తేల్చాలి. మొదటిసారి ఆ మూలుగు వరండాలోంచి విన్న పెద్దిరాజు గారు రిక్షా పిలిపించారు. రిక్షా వచ్చేసరికి ముసలమ్మ లేచి కూర్చుని హాజరు పిలుస్తున్నది.

ఈ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అదే పాఠం జరుగుతోంది. హారతి అనే అమ్మాయి రష్యన్‌లో, నొప్పి ఎక్కడ అని అడిగింది. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, తెలుగులో, "ఇక్కడమ్మా" అన్నారు.

"మాస్టారు ఓడిపోయారోయ్, తెలుగు మాట్లాడేశారు" అన్నాడు సుధాకర్. గదంతా నవ్వింది.

హారతి నవ్వు ఆపుకుని, ఎప్పటి నుంచి అని మళ్ళీ రష్యన్‌లోనే అడిగింది.

"పొద్దున్నించీనమ్మా" అన్నారాయన.

పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్క గదిలో ఉన్న నేను చప్పట్లు విని గుమ్మంలోకి వచ్చేసరికి, హారతి ఒక్కతే చప్పట్లు కొట్టకుండా ఆయన మణికట్టు పట్టుకుని ఉంది. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. సుధాకరే ఆయనను ఎత్తుకుని కిందికి దింపాడు. గుండెపోటని ఆసుపత్రిలో తేల్చారు. నెల తిరిగేసరికి ఆయన తరగతికి వచ్చారు. కుర్చీలో కూర్చుని, నాలుగు వాక్యాలకొకసారి ఆగి, పాఠం చెప్పారు. ఎక్కువసేపు మాట్లాడవద్దని డాక్టర్లు చెప్పిన సంగతి మనందరికీ తెలుసు.

తెలిసి కూడా, మొన్న స్టాఫ్ రూములో ఏమి జరిగిందో చూశాను.

"గురువుగారు రిటైరైతే మాత్రం ఎక్కడికి పోతారండి?" అన్నారు పెద్దిరాజు గారు. "ఆగస్టు బ్యాచ్ పిల్లల తండ్రులకి మాటిచ్చేశాం. గౌరవ సేవగా తరగతికి వస్తూనే ఉంటారని వీడ్కోలు సభలోనే ప్రకటించేద్దాం."

"చూద్దామండి" అన్నారు రాజరత్నం గారు. ఆయన 'చూద్దామండి' అంటే సరేనని అర్థమని ఈ కేంద్రంలో అటెండరుకు కూడా తెలుసు.

ఆ ఆదివారం ధవళేశ్వరం వెళ్ళాను. అరుగు మీద నేను తప్ప ఎవరూ లేరు. సంపూర్ణమ్మ గారు మంచినీళ్ళిచ్చి పక్కనే కూర్చున్నారు.

"ఆయనకి కాదనడం రాదండి, ప్రసన్నకుమారి గారూ. రష్యన్‌లో ఆ మాట లేదా అండి?"

"ఉందండి. చిన్న మాటే."

"ఊరందరికీ నేర్పినాయనకి అదొక్కటీ రాలేదేంటండి మరి."

"వినపడుతోంది" అన్నారు రాజరత్నం గారు లోపలి నుంచి. కాసేపటికి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు. "ఆగస్టు పిల్లలకి ఎవరు చెప్తారండి?"

"నేను చెప్తానండి."

"మీ ఉచ్చారణ..."

"బాగోదు. తెలుసండి."

"పర్వాలేదులెండి, అక్కడికెళ్ళాక సర్దుకుంటుంది. మరి బల్ల మీద ఎవరు పడుకుంటారు?"

"కుర్చీలో కూర్చుని మూలుగుతానండి."

సంపూర్ణమ్మ గారు నవ్వారు. ఆయన నవ్వలేదు. వీధిలోకి చూస్తూ, "సరేనండి. రాను" అన్నారు. ఆ వెంటనే, "ఆ ముక్క మీరే రాసెయ్యండి. సభలో పెద్దిరాజు గారి ఎదురుగా నేను అనలేను" అన్నారు.

అందువల్ల ఈ వ్యాసంలో వ్రాస్తున్నాను. జూలై ఒకటి నుంచి రాజరత్నం గారు తరగతికి రారు. గౌరవ సేవ ప్రకటనను సమితి వారు దయచేసి విరమించుకోవాలి. రష్యన్ తరగతి, నాకు వచ్చినంత మేరకు, నేను నడుపుతాను. రష్యాలో మూడో సంవత్సరం వైద్యం చదువుతూ సెలవులకు వచ్చిన మన పాత విద్యార్థిని ఆశాజ్యోతి, తిరిగి వెళ్ళేదాకా సాయం చేస్తానన్నది. ఆయన చెప్పినంత బాగా మేము చెప్పలేము. ఆ లోటు ఉంటుంది. దానిని ఆయన చేత పూడ్పించే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

శాలువాలు, దండలు, ప్రసంగాలు అన్నీ యథావిధిగా జరగనివ్వండి. ప్రసంగాలు పొట్టిగా ఉంటే ఆయనకు కూర్చోవడం సులువు. సభ ముగిశాక కరచాలనం చేసేవారు, అలవాటు కొద్దీ, "రేపు ఎన్నింటికి వస్తారండి" అని మాత్రం అడగవద్దని మనవి. ఆయన గుండె ఇక మీదట ఏ బస్సు కోసమూ తొందరపడకుండా, తనకు తోచిన వేగంతో చాలా ఏళ్ళు నడవాలని, సంపూర్ణమ్మ గారి పక్కన కూర్చుని, ఎవరికీ ఏదీ వివరించవలసిన అవసరం లేని సాయంత్రాలు ఆయనకు సమృద్ధిగా లభించాలని, సహోద్యోగులందరి తరఫునా మనసారా కోరుకుంటున్నాను.