కిందికెళ్ళి వచ్చే చలి

తార్నాకలో ఒంటిగది ఇల్లు. 1968 డిసెంబరు, ఆదివారం పొద్దున. యూనివర్సిటీ సారు పంపిన చిట్టీకి తాత కొమురెల్లి జవాబు చెబుతుంటే మనవరాలు ప్రమీల రాస్తోంది.

“…గట్ల కాదు బిడ్డా, సుందరరావు సారుకు దండాలు అని ముందుగాల రాయి. ఆయెనక చలి ముచ్చట.”

“రాసిన తాతా. సారు చిట్టీల రెండు మాటలు అడిగిండు. ఒకటి, పిల్లగాండ్లను అడివిల క్యాంపుకు తీస్కపోతున్నడట, జూలాల పండుకుంటే చలి పెట్టకుండ ఏం జెయ్యాలె అని. రెండోది యోహాను—”

“మొదటిది కానియ్యి. ఒకటి కాంగనే రెండోది అదే వస్తది. యాడికి పోతది.”

“చెప్పు మరి.”

“యూనివర్సిటీ హాస్టలు కాడ నేను రాత్రి వాచ్‌మన్‌గ ఉన్నప్పుడు, ఆ మిల్ట్రీ జూలా సారే నాకిచ్చిండని రాయి. రెండు చెట్లకు కడితే నడిమిట్ల మనిషి పండుకునే గుడ్డ ఉయ్యాల. తెల్లారగట్ల డ్యూటీ దిగినంక ఇంటికొచ్చి మిమ్ములను లేపుడెందుకని, అండ్లనే ఓ కునుకు తీద్దామనుకున్న. మొదటి దినం ఎక్కిన. ఎక్కిన అంటే, ఈ దిక్కుకెళ్ళి ఎక్కి ఆ దిక్కుకు పడ్డ.”

“ఇది గూడ రాయాల్నా?”

“రాయి. మూడుసార్లు పడ్డ. మూడోసారికి ఆడ పండుకున్న కుక్క లేచి దూరం పోయి పండుకున్నది. గది గూడ రాయి.”

“రాసిన. చలి?”

“చలి… మెల్లగ రాయి, నేను మెల్లగనే చెప్త. గొంగడి కప్పుకున్న, సాలలే. దాని మీద మీ అవ్వ కుట్టిన బొంత కప్పుకున్న, సాలలే. ఇంకో అంగి తొడిగిన. మఫ్లరు కట్టిన. గోనెసంచిల కాళ్ళు పెట్టిన. మీద మోపు పెరుగుతున్నది, కింద వీపు ఐసుగడ్డ అయితున్నది. ఒకనాడు జూలా కింద కుంపటి పెట్టిన.”

“కుంపటా?”

“ధోతి కాలింది. ఎనుక దిక్కు. ఆ పొద్దు తార్నాక దాక గోడలకు ఆనుకుంట వచ్చిన. గది రాయకు… రాయి తియ్యి, సారు నవ్వుకుంటడు.”

“అవ్వ ఏమనలేదా?”

“అనకేం. పసిపోరలను తొట్టెల ఏసేటప్పుడు బొంత కింద పరుస్తరా, మీద పరుస్తరా అన్నది. ఏడుగురిని ఊపిన మనిషి. తొట్టెల పోరలకు మీసాలుంటయా అన్న నేను. నాతోటి వాచ్‌మన్ యోహాను గూడ గదే అన్నడు. అన్నా, చలి మీదికెళ్ళి రాదు, కిందికెళ్ళి వస్తది, నీ వీపు కింద గాలి తిరుగుతది అన్నడు. ఆరో తరగతి సదివినవని చలికి గూడ సదువు చెప్తవా అన్న.”

“వాళ్ళ మాట ఇంటే అయిపోతుండె కదా.”

“ఇన్న ఒకసారి. బొంత లోపల పరిచిన. నా బరువుకు అప్పడమైంది. అటు మళ్ళి ఇటు మళ్ళేసరికి కాళ్ళకాడికి జరిగింది. మీ మాట గింతే అని మళ్ళ మీదనే కప్పుకున్న.”

“సరే. ఇగ రెండోది. సారు ఏం రాసిండో చదువుతున్న, ఇను. ‘యోహాను మా డిపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని అడుగుతున్నాడు. రెండేళ్ళ కిందట నీ బొంత దొంగిలించాడని, నీ వేలిముద్రతో కాగితం హాస్టలు ఆఫీసులో ఉందట. నిజమైతే వేరే మనిషిని చూసుకుంటాను. సోమవారానికి కబురు చెయ్యి.’ సోమవారమంటే రేపే తాతా.”

“మంచినీళ్ళియ్యి.”

“ఇగో. ఏం రాయాలె?”

“మీ అవ్వ ఏది?”

“నీళ్ళకు నల్ల కాడికి పోయింది. పెద్ద లైనున్నది. దొంగనే కదా తాతా? అవ్వ రోజు తిడ్తనే ఉంటది. పచ్చంచు పెండ్లిచీర కోసి కుట్టిన బొంత, ముషీరాబాద్‌ల వాని బిడ్డ కింద పరుసుకున్నడని.”

“ఆ నెలనే వానికి బిడ్డ పుట్టింది. గదే నా బుద్ధి చెడగొట్టింది. రాయి. ఆ పొద్దు డ్యూటీ దిగేసరికి యోహాను జూలా కట్టి పెట్టిండు. ఎక్కు అన్నా అన్నడు. కండ్లు మూతలు పడుతున్నయి, గొంగడి గుంజుకున్న, బొంత కాళ్ళకాడ ఉన్నదనుకున్న. లేచేసరికి పొద్దెక్కింది, చెట్ల నీడల చలి గట్లనే ఉన్నది. ఒళ్ళంత చెమట. తడిమితే బొంత లేదు. యోహాను లేడు. ఉరికిన ఆఫీసుకు.”

“ఏమని చెప్పినవ్?”

“వాడు ఎత్తుకపోయిండు, బిడ్డకు పరుస్తడు అన్న. గుమాస్తా రాసిండు. వేలు సిరాల ముంచి గుద్దిన. గంత గట్టిగ ఎందుకు గుద్దుతున్నవ్, బల్ల ఇరుగుతది అన్నడాయన.”

“బొంత పోయినంక చెప్పరా మరి… ఆగు తాతా. బొంత లేకుంటే చెమటెట్ల పట్టింది?”

“నువ్వు రాసుడు కానియ్యి.”

“ఒక్క గొంగడికి చెమటెట్ల పట్టింది?”

“ఎనిమిదో తరగతికే నీకు తెలిసింది. నాకు గడ్డం నెరిసినంక గూడ తోచలే. బిడ్డా, సజ్జ మీదికెళ్ళి జూలా చుట్ట దించు.”

“పాతబడ్డది, ముట్టకుండ్రి అంటవు కదా.”

“దించు. అవ్వ రాకముందే. తాడు ఇప్పు.”

“దుమ్ము… లోపల ఏందిది. ఎర్ర గుడ్డ. పచ్చంచు… తాతా, ఇది అవ్వ బొంత.”

“నాలుగు మూలలకు దారాలు సూడు. యోహాను ముడులు. లోపల పరిస్తే అణుగుతదని, జూలాకు బయట, కింది దిక్కు వేలాడగట్టిండు. సారుకు గదే రాయి. బొంత కింద, బయట, జర ఒదులుగ కట్టాలె. ఇగ చలి రాదు.”

“ఎప్పుడు సూసినవ్?”

“ఆఫీసుకెళ్ళి తిరిగొచ్చి జూలా ఇప్పినప్పుడే. వేలికి సిరా ఇంకా ఆరలే.”

“మళ్ళ పోయి చెప్పకపోయినవా?”

“కాళ్ళు రాలే. మూడుసార్లు పడ్డోన్ని, ధోతి కాల్చుకున్నోన్ని, నాకు సిగ్గెక్కడిది. గప్పుడు మాత్రం యాడికెళ్ళో వచ్చింది. చుట్టి దాసిన. సాయంత్రం వాన్ని పనిలకెళ్ళి తీసేసి గేటు కాడికెళ్ళే వాపసు పంపిండ్రు. నేను ఆడనే నిలబడ్డ. వాడు దొంగను కాదని గూడ అనలే. నన్ను ఒక్కటే అడిగిండు. ‘అన్నా, చలి పెట్టిందా?’ అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“మఫ్లరు సర్దుకున్న.”

“…అవ్వకు తెలిస్తే తిడ్తది తాతా.”

“తిట్టనియ్యి. రెండేండ్ల సంది వాన్ని తిట్టినయన్ని నావే. రాయి. యోహాను దొంగ కాదు, అబద్ధం నాది, ఆ పాత కాయితం చింపెయ్యుండ్రి. వేలు ఇటు తే, కాదు, సిరా తే. ఈసారి మెల్లగ గుద్దుత.”

“అయ్యింది. రేపు పొద్దుగాల సారుకిచ్చొస్త.”

“సారుకు రేపు. ఇయ్యాల బొంత సంకల పెట్టుకొని ముషీరాబాద్ పోయి యోహానుకు చదివి వినిపియ్యి.”

“నువ్వు రావా?”

“వస్త. గల్లీ మలుపు కాడ నిలబడ్త. నేను పడ్డది, ధోతి కాలింది, ఒక్కటి ఇడువకు, అన్ని చదువు. కాయితం అడుగున ఒక్క ముక్క రాయి. అది వానికే.”

“ఏమని?”

“చలి పెట్టలే తమ్మీ, అని.”